లెక్క రాసుకుందాం, పగ రాసుకోవద్దు

(నరికుడిలో జరిగిన వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసి ఇచ్చినాను. రెండు మూడు చోట్ల మాత్రం సరిచేసినాను.)

  

నేను చదివింది ఎనిమిదో తరగతి. పెద్ద మాటలు రావు. నన్ను ఐకమత్యం గురించి చెప్పమన్నారు. ప్రతి సంవత్సరమూ మనం ఐకమత్యం గురించే మాట్లాడుతున్నాము. చప్పట్లు కొడుతున్నాము, భోజనం చేసి ఇంటికి పోతున్నాము. పోయినాక పక్కింటి వాడితో మాట్లాడము. అందుకని ఈసారి ఐకమత్యం ఎందుకు చెడుతుందో చెప్తాను. నేను చూసినంతలో డబ్బు వల్ల చెడింది తక్కువ. డబ్బు తగాదా రెండేళ్లలోనో మూడేళ్లలోనో ఎట్లాగో తీరుతుంది. తీరినాక కూడా మనసులో పెట్టుకుంటాము చూడండి, అది తీరదు. క్షమించడం మనకు చేత కాదు. నాకూ చేత కాలేదు. పదకొండేళ్లు చేత కాలేదు. ఆ సంగతే చెప్తాను.

ముందు మన పక్క ఊరి పెద్దాయన గురించి. మానామదురై నుంచి విరుదునగర్ పోయే రైల్లో మన నరికుడి దాటితే తిరుచ్చుళి. రమణ మహర్షి పుట్టింది అక్కడే, 1879 డిసెంబరు 30న. మనవాళ్లు చాలామంది ఆ ఇంటికి పోయి దండం పెట్టుకుని వచ్చినవాళ్లే. ఆయన తెలుగు కూడా నేర్చుకున్నారు. సూరి నాగమ్మగారు ఆశ్రమంలో ఉండి అక్కడి సంగతులన్నీ తెలుగులోనే ఉత్తరాలుగా రాసినారు.

1924 జూన్ 26, రాత్రి. తిరువణ్ణామలై ఆశ్రమానికి దొంగలు వచ్చినారు. అప్పటికి ఆశ్రమం అంటే ఏముంది, ఒకటి రెండు కొట్టాలు. ఏదో డబ్బు ఉంటుందనుకుని వచ్చినారు. కిటికీలు పగలగొట్టినారు. లోపలున్న శిష్యులు కొందరు ఎదురు తిరుగుతామన్నారు. మహర్షి వద్దన్నారు. వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు, మన ధర్మం మనం చేద్దాం అనే మాదిరిగా చెప్పినారు. దొంగలు వెతుక్కోవడానికి దీపం కూడా ఇప్పించినారు. బయటికి వస్తుంటే ఒకడు ఆయన తొడ మీద కర్రతో కొట్టినాడు. ఇంకా తృప్తి కాకపోతే రెండో కాలి మీద కూడా కొట్టమన్నారు. అది చూసి ఒక శిష్యుడు ఊరుకోలేక ఇనుప కడ్డీ తీసుకుని పోబోతే ఆపినారు. మన పళ్లు మన నాలుకను కొరికితే పళ్లు రాలగొట్టుకుంటామా అని అడిగినారట.

ఇంతవరకు అందరమూ చెప్పుకుంటాము. తర్వాత జరిగింది ఎవరూ చెప్పరు. పోలీసులు వచ్చినారు. వాళ్ల పని వాళ్లు చేసినారు. కొన్ని రోజులకు దొంగలు దొరికినారు, వస్తువులు కూడా దొరికినాయి. మహర్షి పోలీసులకు అడ్డం పడలేదు. మనసులో పగ పెట్టుకోలేదు, అంతే. నాకు ఈ రెండోది ముఖ్యం. నేను సంఘం సెక్రటరీని కాబట్టి.

ఎందుకంటారా? సంఘంలో తప్పు చేసినవాడు ఎవడైనా ముందు నా దగ్గరికే వస్తాడు. "అన్నా, ఈ ఒక్కసారి క్షమించు" అంటాడు. నూలు తీసుకుపోయి గుడ్డ ఇవ్వనివాడు, బయట అమ్ముకున్నవాడు, అందరూ ఇదే మాట. నేను ఎట్లా క్షమించేది? ఆ నూలు నాది కాదు. రెండు వందల మంది సభ్యులది. 1983 నాటి మన తమిళనాడు సహకార సంఘాల చట్టంలో 87వ సెక్షను ఉంది. సంఘానికి నష్టం తెచ్చినవాడి దగ్గర ఆ నష్టం వసూలు చేయాలి. దాన్నే సర్‌చార్జ్ అంటాము. ఆ మాట వింటే ఈ సభలో సగం మందికి కడుపులో తిప్పుతుంది. నవ్వకండి, నిజమే కదా.

2011లో కేంద్ర బడ్జెట్‌లో చేనేత సంఘాల బాకీల కోసం 3000 కోట్లు ప్రకటించినారు. అప్పుడు మనవాళ్లు మాఫీ, మాఫీ అని పండగ చేసుకున్నారు. అది సర్కారు చేసే మాఫీ. సర్కారు డబ్బు, సర్కారు ఇష్టం. మనసులో చేసే మాఫీ వేరే. అది మన సొంత సొమ్ములోంచి ఇవ్వాలి. ఇంకొకడి సొమ్ము మనం మాఫీ చేయలేము. ఇంకొకడికి జరిగిన అన్యాయాన్ని మనం క్షమించలేము. మనకు జరిగిందే మనం క్షమించగలము. అది కూడా ఎంత కష్టమో ఇప్పుడు చెప్తాను.

మా వీధిలో పడుగుకు గంజి వీధిలోనే పెట్టేవాళ్లం. పెద్దవాళ్లకు గుర్తు ఉంటుంది. పొద్దు పొడవక ముందే పడుగును వీధి పొడుగునా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. ఎండ ఎక్కే లోపల అయిపోవాలి. లేకపోతే పోగులు అతుక్కుని పోతాయి. ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. ఎనిమిది మంది, పది మంది కావాలి. ఇవాళ నీ పడుగుకు నేను, రేపు నా పడుగుకు నువ్వు. కూలి లేదు, కాఫీ మాత్రమే. నాకు ఆ పని నేర్పినది మా మామ. మా అమ్మకు తోడబుట్టినవాడు. పదమూడేళ్లకు బడి మానేసి వస్తే నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టి నాడె చేతికిచ్చినాడు. తర్వాత ఆయన కూతుర్నే నాకిచ్చి చేసినారు. ఆయన కొడుకు, అంటే నా బావమరిది, మా సంఘంలో నూలు గోదాము చూసుకునేవాడు. ఆ పనిలో పెట్టించింది నేనే.

2003లో ఆడిట్ వచ్చింది. స్టాక్ రిజిస్టర్ చూస్తే 60 నంబరు నూలు 22 కట్టలు తక్కువ. కట్టకు పది పౌన్లు. రిజిస్టర్‌లో ప్రతి నెలా కింద నా సంతకం ఉంది. సర్‌చార్జ్ నడిచింది. నా వంతు 11,400 రూపాయలు కట్టమన్నారు. నా భార్య చెవి కమ్మలు, గొలుసు పెట్టి కట్టినాను. దొంగ వేరేవాడు, దండగ నాకు. ఊర్లో అందరూ సెక్రటరీయే తిన్నాడు అన్నారు. ఇరవై ఏళ్లు ఒక కప్పు టీ కూడా సంఘం డబ్బుతో తాగలేదు నేను. ఆ మాట నన్ను కాల్చింది.

జనరల్ బాడీ పెట్టినారు. వాడిని లేపి నిలబెట్టి నేను మాట్లాడినాను. ఏమేమి మాట్లాడినానో అన్నీ ఇక్కడ చెప్పలేను. ఒకటి చెప్తాను. అప్పటికి మా మామ పోయి నాలుగేళ్లు. "మీ నాయన కూడా నూలు తినే నిన్ను పెంచినాడా" అన్నాను. నాకు నాడె పట్టడం నేర్పినవాడిని అన్నాను ఆ మాట. నా భార్య కూడా సంఘం సభ్యురాలే. మూడో వరసలో కూర్చుని ఉంది. లేచి బయటికి పోయింది. వాడు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ వారంలోనే పెండ్లాం బిడ్డలను ఇక్కడే విడిచి తిరుప్పూరు పోయినాడు, బనియన్ కంపెనీ పనికి.

ఆ రోజు నుంచి రెండిళ్లకు మాటల్లేవు. ఎదురెదురు ఇళ్లు. వాళ్ల గడపలో ముగ్గు, మా గడపలో ముగ్గు, మధ్యలో ఆరడుగుల దారి. గంజికి వాళ్ల ఇంటివాళ్లు వస్తే నేను పోను, నేను పోతే వాళ్లు రారు. మిగిలినవాళ్లకు ఎవరి పక్కకు రావాలో తెలియలేదు. ఒక్కొక్కరే మానుకున్నారు. రెడీ పడుగులు వచ్చి వీధి గంజి ఎట్లాగూ నిలిచిపోయేదే. మా వీధిలో మాత్రం మా తగాదాతోనే ముందు నిలిచింది. ఇద్దరి పగకు వీధి అంతా దండగ కట్టింది. దానికి సర్‌చార్జ్ ఎవరి మీద వేయాలి?

అన్నిటికంటే ఎక్కువ కట్టింది నా భార్య. ఆరడుగుల దూరంలో పుట్టినిల్లు. నేను పోవద్దని ఒక్క రోజు కూడా అనలేదు. అనకపోయినా నా ముఖం చూసి ఆమె పోలేదు. పండగకు వాళ్ల అమ్మ గిన్నెలో పాయసం పిల్లవాడి చేత పంపిస్తే, ఆమె వంటింట్లో నిలబడి తినేది. 2009లో మా అత్త పోయింది. అల్లుడిని, పాడె మోయవలసినవాడిని. వాడు తిరుప్పూరు నుంచి వచ్చి తల దగ్గర నిలబడి ఉన్నాడు. నేను వీధి చివర, టీ అంగడి దగ్గర నిలబడినాను. పాడె నా ముందే పోయింది. వాడు తల ఎత్తి నన్ను చూసినాడు. భుజం మీద ఒక చోటు ఖాళీగా ఉంది. నాకు కనిపించింది. నేను కదలలేదు. ఆమె నాకు మేనత్త వరస, చిన్నప్పుడు అన్నం పెట్టిన మనిషి. ఆ రోజు నాకు న్యాయం నా పక్కనే ఉందని గట్టి నమ్మకం. అదే చెప్తున్నాను, కష్టం అక్కడే ఉంది. తప్పు చేసినవాడికి క్షమాపణ అడగాలని ఎప్పుడో ఒకప్పుడు తోస్తుంది. తప్పు చేయనివాడికి, నాకు న్యాయం ఉందనుకునేవాడికి, క్షమించాలని ఎందుకు తోస్తుంది?

మన పురాణంలో ద్రౌపది ఉంది. పోతన భాగవతంలో మొదటి స్కంధంలోనే వస్తుంది ఈ కథ. నిద్రపోతున్న అయిదుగురు కొడుకులను అశ్వత్థామ చంపేసినాడు. అర్జునుడు వాడిని కట్టి ఈడ్చుకుని వచ్చి ఆమె ముందు పడేసినాడు. ఆమె విడిచిపెట్టమన్నది. నేను ఏడ్చినట్టు వీడి తల్లి ఏడవకూడదన్నది. భీముడు ఒప్పుకోలేదు, చంపాల్సిందే అన్నాడు. చివరికి ఏం చేసినారు? జుట్టు కోసి, తల మీద మణి తీసుకుని, ప్రాణంతో తరిమేసినారు. చిన్నప్పుడు ఈ కథ వింటే నాకు భీముడే సరి అనిపించేది. ఇప్పుడు చూస్తే లెక్క తీరింది, మణి తీసుకున్నారు. ప్రాణం మాత్రం తీయలేదు. ఆమెకు శత్రువు తల్లి కళ్ల ముందు కనిపించింది. నాకు మా అత్త కళ్ల ముందే పోతున్నా కనిపించలేదు.

2014లో వాడు తిరుప్పూరు విడిచి వచ్చేసినాడు. ఒళ్లు బాగాలేదు, దుమ్ముతో దగ్గు. మళ్లీ నాయన మగ్గమే ఎక్కినాడు. ఒక రోజు నేను సంఘం నుంచి ఇంటికి వస్తున్నాను. వాళ్ల తలుపు తెరిచి ఉంది. కొత్త పడుగు, పన్నెలో పోగులు ఎక్కించాలి. మీకు తెలుసు, ఆ పనికి ఇద్దరు కావాలి. వెనక కూర్చున్నవాడు ఒక్కొక్క పోగు అందియ్యాలి, ముందున్నవాడు లాక్కోవాలి. రెండు వేలకు పైన పోగులు. వాడి పెండ్లాం ఊర్లో లేదు. వాడు ఒక్కడే ముందుకు పోయి ఒక పోగు, వెనక్కి వచ్చి ఒక పోగు. దగ్గు వచ్చి మధ్యలో కూర్చుంటున్నాడు.

నేను మంచితనంతో లోపలికి పోయినానని చెప్పుకోను. ఆ పని అట్లా చేస్తుంటే చూసి ఊరుకోలేకపోయినాను, అంతే. నేతగాడి చెయ్యి ఊరుకోదు. చెప్పులు విడిచి, వెనక కూర్చుని, పోగు అందించినాను. వాడు తీసుకున్నాడు. మాట లేదు. గంట అయింది, రెండు గంటలు అయింది. పోగు, పోగు, పోగు. పడుగు పోగుల మధ్య నుంచి వాడి ముఖం నాకు గీతలు గీతలుగా కనిపిస్తూ ఉంది. నుదురు అచ్చం మా మామ నుదురే.

చీకటి పడే వేళకు వాడే అన్నాడు: "ఆ కట్టలు తొమ్మిది నేను అమ్మినాను బావా. మిగిలినవి నేను కాదు. ఆ రోజు ఎవరూ నన్ను అడగలేదు." నిజమే. ఎన్ని నువ్వు తీసినావు అని ఎవరు అడిగినారు? నేను అడగలేదు, తిట్టినాను. 22లో తొమ్మిది వాడు. మిగిలిన 13 ఎవరో ఇప్పటికీ తెలియదు. నేను ప్రతి నెలా కట్టలు లెక్క పెట్టకుండా సంతకం పెట్టినాను. వీడు మనవాడే కదా అని. ఆ పదమూడింటికి నేను కూడా జవాబుదారినే. పదకొండేళ్లు ఆ 13 కూడా వాడి తల మీదే పెట్టి తిరిగినాను. అప్పుడు నేనూ అన్నాను: "మీ నాయనను ఆ మాట అన్నాను. తప్పు." వాడు మాట్లాడలేదు. తల మాత్రం ఊపినాడు. పోగు కోసం చెయ్యి చాపినాడు. ఇచ్చినాను.

మర్నాటి నుంచి నా భార్య ఆ ఇంటికి పోయి వస్తూ ఉంది. నాతో దీని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. వారం తర్వాత వాడు 500 రూపాయలు తెచ్చి తిన్నె మీద పెట్టినాడు. నెలకు ఇంత తీరుస్తానన్నాడు. నేను వద్దు అనబోయినాను. పెద్ద మనసు చూపించాలని నాకు ఆశ. లోపల నుంచి నా భార్య వచ్చి, ఆ డబ్బు తీసి, నోటు పుస్తకంలో రాసి పెట్టింది. తర్వాత నాతో అన్నది: "వాణ్ని తీర్చనియ్యి. తీరిస్తేనే మా తమ్ముడు మళ్లీ తల ఎత్తుకుని మన ఇంటికి వస్తాడు." ఎనిమిదో తరగతి కూడా చదవని మనిషి. నాకంటే బాగా చట్టం తెలిసిన మనిషి. 23 నెలల్లో తీరిపోయింది. చివరి నెల వంద ఎక్కువైతే తిరిగి ఇచ్చినాము. లెక్క అంటే లెక్కే.

అంతటితో అయిపోయిందా? లేదు. ఇప్పటికీ ఆ పాత రిజిస్టర్ బీరువాలో కనిపిస్తే నాకు చెవులు వేడెక్కుతాయి. ఎవరైనా సెక్రటరీలంతా దొంగలే అంటే మొదట వాడే గుర్తు వస్తాడు. అప్పుడు మళ్లీ నాకు నేనే చెప్పుకోవాలి. నేసేటప్పుడు తెగిన పోగును ఎన్నిసార్లు అతకమూ? మళ్లీ అక్కడే తెగితే మగ్గం కాల్చేస్తామా? ఒకసారి క్షమించినాను కదా, ఇంకా కోపం వస్తోందేమిటి అని కొందరు భయపడతారు. వస్తుంది. వచ్చినప్పుడు మళ్లీ అతకాలి.

కుర్ర సెక్రటరీలకు, ఊరి పెద్దలకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

తప్పు జరిగితే అడగండి. ఎంత, ఎప్పుడు, ఎందుకు అని నలుగురిలో కాదు, కూర్చోబెట్టి అడగండి. నిజం బయటికి రాకుండా క్షమ లేదు. నేను పదకొండేళ్లు పగబట్టింది 22 కట్టలకు. నిజం తొమ్మిది.

సంఘం సొమ్ము విషయంలో దయ చూపవద్దు. చట్టం ప్రకారం వసూలు చేయండి. వసూలు చేసినాక వాడి ఇంటికి పెళ్లికి పోండి. వాడి నాయనను, అమ్మను, బిడ్డను లెక్కలోకి లాగవద్దు. వాళ్ల పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

మూడోది పెద్దమనుషులకు. పంచాయతీలో ఇద్దరినీ నిలబెట్టి చేతులు కలిపించి, అయిపోయింది పొండి అంటారు మీరు. అట్లా అయిపోదు. ముఖ్యంగా దెబ్బలు తిని వచ్చిన ఆడబిడ్డతో, "సర్దుకో అమ్మా, క్షమించు" అంటారు. దెబ్బ ఆమెది. క్షమించేదీ మానేదీ ఆమె ఇష్టం. మనం చేయవలసింది ముందు ఆ దెబ్బలు ఆపడం. ఇంకొకరి సొమ్ముతో దానం చేయవద్దు.

నాలుగోది నా వయసువాళ్లకు. మీ వీధిలో మీరు మాట్లాడని ఇల్లు ఒకటి ఉంటుంది. ఉందా లేదా? తలలు వంచుకుంటున్నారు, ఉంది. ఆ ఇంట్లో పాడె లేచే వరకు ఆగవద్దు. నేను ఆగినాను. బావమరిదితో మాటలు వచ్చినాయి, నా భార్యకు పుట్టినిల్లు వచ్చింది. మా అత్త పాడె కింద ఖాళీగా ఉన్న ఆ చోటు మాత్రం ఖాళీగానే ఉంది. దానికి ఎవరిని క్షమాపణ అడగాలి నేను? ఆమె లేదు.

ఈ రోజు ఈ సభకు నేను ఒక్కడినే రాలేదు. నన్ను బండి మీద తీసుకుని వచ్చినవాడు బయట చెట్టు కింద నిలబడి ఉన్నాడు. లోపలికి రా అంటే సిగ్గుపడుతున్నాడు. ఈ కథ చెప్తానని వాడిని అడిగే చెప్పినాను. "పేరు చెప్పవద్దు బావా, తొమ్మిది అని మాత్రం సరిగా చెప్పు" అన్నాడు. చెప్పినాను.

 చౌడమ్మ తల్లి మన మగ్గాలను, మన వీధులను చల్లగా చూడాలి.